పొరల పరుపు: లేయర్లు ఎలా ఎంచుకోవాలి, నడుముకూ భుజానికీ సరిపడేలా ఎలా సర్దుకోవాలి?

నాలుగేళ్ళ కింద మేమొక పరుపు కొన్నాం. మీద 'ఆర్థో' అని రాసి ఉంది, నడుముకి మంచిదని షాపతను చెప్పాడు, వెంట వచ్చిన మా మామగారు కూడా "పరుపు ఎంత గట్టిగా ఉంటే నడుముకి అంత మంచిది అల్లుడుగారూ" అన్నారు, ఇంకేముంది, తెచ్చి వేసుకున్నాం. నెల తిరక్కుండానే మా ఆవిడకి భుజం నొప్పి మొదలైంది, తెల్లారేసరికి చెయ్యి తిమ్మిరెక్కిపోయేది, ఎందుకంటే తను ఎప్పుడూ పక్కకి తిరిగి పడుకుంటుంది. వెల్లకిలా పడుకునే నాకు మాత్రం అదే పరుపు మీద హాయిగా నిద్ర పట్టేది. వాపసు ఇద్దామంటే షాపువాళ్ళు కుదరదన్నారు. ఆ పరుపు మీదే దుప్పట్లు మడిచి వేసుకుని ఆర్నెల్లు గడిపాక, చివరికి పొరల పరుపు దగ్గరికి వచ్చాం.

పొరల పరుపంటే పెద్ద విషయమేం కాదు. చుట్టూ జిప్పు ఉన్న కవరు, లోపల రెండో మూడో లేయర్లు, వాటికి గమ్ము ఉండదు, విడివిడిగా ఉంటాయి. జిప్పు తీసి పైది కిందికి, కిందిది పైకి మార్చుకోవచ్చు, ఒక్కటి నచ్చకపోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే సర్దడం తెలియకపోతే ఇది కూడా మామూలు పరుపే.

1. పరుపు కంటే ముందు మంచం చూడండి

చాలామంది పరుపు మధ్యలో గుంట పడిందని తిట్టుకుంటారు, తీరా చూస్తే వంగింది కింద ప్లైవుడ్డు. పరుపు తీసేసి మంచం మీద ఒక పొడవాటి స్కేలో, తిన్నటి చెక్కో అడ్డంగా పెట్టి చూడండి, మధ్యలో వెలుతురు కనిపిస్తే ముందు ఆ పని చూసుకోవాలి. చెక్క పట్టీల మంచమైతే పట్టీకీ పట్టీకీ మధ్య సందు రెండున్నర, మహా అయితే మూడంగుళాలు, అంతకు మించితే ఫోమ్ ఆ సందుల్లోకి దిగుతుంది. నవారు మంచం మీద పొరల పరుపు వేయకండి, మంచమే గుంటగా ఉంటే పైన ఎన్ని లేయర్లు మార్చినా లాభం లేదు.

కింద సామాను పెట్టుకునే బాక్స్ మంచాలు ఉన్నవాళ్ళు ఇంకోటి గమనించాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ, మూసుకుపోయిన ప్లైవుడ్డు మీద పరుపు అడుగున బూజు పడుతుంది. కార్పెంటర్ చేత పలకకి అక్కడక్కడా కన్నాలు కొట్టించండి, గంట పని.

ఎత్తు కూడా ఇప్పుడే లెక్కేసుకోండి. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే, మంచం అంచున కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. పదంగుళాల పరుపు చూడ్డానికి బాగుంటుంది గానీ మా అమ్మ దాని మీంచి దిగాలంటే స్టూలు వేయాల్సి వచ్చేది.

2. మీరెలా పడుకుంటారు, మీ బరువెంత?

పక్కకి పడుకుంటే బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది, అవి రెండూ కాస్త లోపలికి దిగాలి, అంటే పైన మెత్తటి పొర కావాలి. వెల్లకిలా పడుకునేవాళ్ళకి మధ్యస్తం చాలు. బోర్లా పడుకునేవాళ్ళకి పైపొర మెత్తగా ఉంటే పొట్ట దిగిపోయి నడుము విల్లులా వంగుతుంది, వాళ్ళకి గట్టిదే నయం.

ఇక బరువు. యాభై కిలోల మనిషికి గట్టిగా తగిలే పరుపే తొంభై కిలోల మనిషికి మెత్తగా ఉంటుంది, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, ఇద్దరూ దాన్ని నొక్కే బరువు వేరు. అందుకే పక్కింటివాళ్ళు బాగుందన్నారని అదే కొనకండి. షాపులో అరచేత్తో నొక్కి చూడటం కూడా అంతే దండగ. చెప్పులు విప్పి, మీరు రోజూ పడుకునే తీరులో పదిహేను నిమిషాలు పడుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

గట్టి పరుపే నడుముకి మంచిదన్న మాట గురించి ఇక్కడే చెప్పేస్తాను. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి ఓ మోస్తరు గట్టివి ఇచ్చి 90 రోజులు చూస్తే, ఓ మోస్తరు గట్టివాటి మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువగా తగ్గింది. మా మామగారికి ఇది చెప్పాను, "మేం నేల మీద పడుకోలేదా" అన్నారు. సరే.

3. ఏ పొరకి ఏ సరుకు?

అడుగు పొర పని మోయడం. దానికి హెచ్‌ఆర్ (హై రెసీలియెన్స్, అంటే నొక్కి వదిలితే తిరిగి లేచే) ఫోమో, ఫోమ్ ముక్కల్ని నొక్కి అతికించిన రంగురంగుల బాండెడ్ ఫోమో, గట్టి లాటెక్సో వాడతారు. రబ్బరు పూత పూసిన కొబ్బరి పీచు పొర కూడా పనికొస్తుంది గానీ బరువున్న మనిషి పడుకుంటే కొన్నేళ్ళకి ఆ చోట అణిగిపోయి ఇక లేవదు.

పైపొర పని ఒంటికి మెత్తగా తగలడం. ఇక్కడ ప్రధానంగా పోటీ రెండింటి మధ్యే, మెమరీ ఫోమ్, లాటెక్స్. మెమరీ ఫోమ్ 1960ల్లో నాసా కోసం విమాన సీట్లకని తయారైన సరుకు, ఒంటి వేడికి మెత్తబడి మన ఆకారంలోకి దిగుతుంది. అదే దాని గొప్ప, అదే దాని తిప్పలు. విజయవాడ మే నెలలో ఏసీ లేని గదిలో అది ఇంకా మెత్తబడి, ఒంటిని పట్టేసుకుని, చెమటలు పట్టిస్తుంది, డిసెంబరు పొద్దుటి చలిలోనేమో పడుకోగానే గట్టిగా తగులుతుంది. లాటెక్స్ రబ్బరు పాలని నురగ చేసి అచ్చులో ఉడికించినది, సన్నటి కన్నాలుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది, నొక్కితే వెంటనే పైకి లేస్తుంది. ధర ఎక్కువ, బరువు మరీ ఎక్కువ. మన ఎండలకి నేనైతే లాటెక్స్‌కే ఓటేస్తాను, ఏసీ రోజూ వేసుకునేవాళ్ళు మెమరీ ఫోమ్ తీసుకున్నా ఇబ్బంది లేదు.

కొనేటప్పుడు జనం కలిపేసుకునే రెండు మాటలున్నాయి, డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క, అది ఎన్నాళ్ళు మన్నుతుందో చెబుతుంది. తక్కువ డెన్సిటీ ఫోమ్‌ని కూడా గట్టిగా తయారు చేయొచ్చు, మొదటి ఏడాది బ్రహ్మాండంగా ఉండి తర్వాత గుంట పడుతుంది. అడుగు పొర హెచ్‌ఆర్ ఫోమైతే 32కి తగ్గకుండా, ఎనభై కిలోలు దాటిన మనుషులుంటే 40 అడగండి. మెమరీ ఫోమ్ 50 ఉంటే మంచిది.

వాళ్ళు చెప్పిన డెన్సిటీ నిజమో కాదో తూచి తెలుసుకోవచ్చు, పొరల పరుపులో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న ఫోమ్ అంటే ఆరు ఘనపుటడుగులు. ఘనపు మీటరుకి 35.3 ఘనపుటడుగులు. కాబట్టి 32 డెన్సిటీ అయితే ఆ పొర దాదాపు 5.4 కిలోలు, 40 అయితే 6.8 కిలోలు తూగాలి. సూట్‌కేసు తూచే చిన్న కాటాకి తాడేసి వేలాడదీయండి, లేదా పొర పట్టుకుని బరువు చూసుకునే మిషనెక్కి మీ బరువు తీసేయండి. నాలుగు కిలోలే వచ్చిందంటే ఆ షాపతనితో మాట్లాడాల్సిన మాటలు ఉన్నట్టే.

కవరు సంగతి ఎవరూ పట్టించుకోరు. పైన మందంగా కుట్టిన, సాగని కవరు వేస్తే కింద ఎంత మెత్తటి లాటెక్స్ ఉన్నా డప్పు చర్మంలా బిగిసి ఉంటుంది. సాగే అల్లిక గుడ్డ, మూడు వైపులైనా తిరిగే జిప్పు ఉండాలి. ఒక్క వైపే జిప్పున్న కవర్లోంచి లాటెక్స్ పొర బయటికి లాగాలంటే ఇంటిల్లిపాదీ కావాలి.

4. తెచ్చాక పేర్చడం

చుట్టి, గాలి తీసి ప్యాక్ చేసినదైతే విప్పగానే పడుకుని తీర్పు చెప్పకండి, ఒకటి నుంచి మూడు రోజులు దాన్ని పొంగనివ్వండి. ఫ్యాన్ వేసి కిటికీలు తీసి పెడితే కొత్త వాసన కూడా పోతుంది. లాటెక్స్ పొరని ఒక అంచు పట్టుకుని లాగితే చిరుగుతుంది. కింద దుప్పటి పరిచి, ఇద్దరు కలిసి దుప్పటితో పాటే ఎత్తండి.

మొదటి అమరిక మామూలుగానే పెట్టండి, అడుగున గట్టిది, మధ్యలో మీడియం, పైన మెత్తనిది. మూలలు సరిగ్గా కలిసేలా సర్ది జిప్పు వేయండి. ఇలా పదిహేను రోజులు పడుకోవాలి, ఎందుకంటే ఏళ్ళ తరబడి పాత పరుపుకి అలవాటైన ఒళ్ళు కొత్తది ఎంత మంచిదైనా నాలుగు రోజులు మొండికేస్తుంది.

5. తేడా ఎక్కడుందో పట్టుకుని, ఒక్కటే మార్చండి

పక్కకి పడుకున్నప్పుడు వెనకనుంచి ఫోన్‌తో ఎవరినైనా ఫొటో తీయమనండి. మెడ నుంచి నడుము కింద దాకా వెన్ను పరుపుకి సమాంతరంగా ఉండాలి. తుంటి దగ్గర కిందికి జారితే మెత్తదనం ఎక్కువైంది, భుజం పైకి తన్నుకుని ఉంటే గట్టిదనం ఎక్కువైంది. వెల్లకిలా పడుకుంటే నడుము కింద చెయ్యి దూర్చి చూడండి, సొరంగంలోకి పోయినట్టు ఇట్టే పోతే పరుపు గట్టిది, అస్సలు దూరకపోతే మరీ మెత్తనిది, కాస్త ఒరుసుకుంటూ పోతే సరిపోయింది.

భుజం నొప్పి, చెయ్యి తిమ్మిరి ఉంటే పైపొర చాలట్లేదు. ముందు చెప్పిన కవరు సంగతి చూసుకోండి, మందపాటి వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ ఉంటే రెండు రాత్రులు తీసేసి చూడండి, మాకు సగం తేడా అక్కడే తెలిసింది. అప్పటికీ తగ్గకపోతే మెత్తటి పొర మందం పెంచాలి. పొద్దున లేవగానే నడుము పట్టేసి, అరగంట తిరిగాక వదిలేస్తుంటే దానర్థం ఎక్కువసార్లు తుంటి దిగిపోతోందని. అప్పుడు పైపొర ముట్టుకోవద్దు, మధ్య పొరని అడుగుకీ, అడుగుదాన్ని మధ్యకీ మార్చండి. పైన మెత్తదనం అలాగే ఉండి, కింద ఆసరా దగ్గరికి వస్తుంది.

కొత్త పొర కొనే ముందు ఖర్చులేని పరీక్ష ఒకటి చేయండి. పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే దాన్ని రెండడుగుల వెడల్పుకి మడిచి, పైపొర కింద సరిగ్గా తుంటి వచ్చే చోట పరవండి. నాలుగు రాత్రులకి నడుము తేలికపడితే మీకు అక్కడ గట్టి పొర కావాలని తేలిపోయినట్టే. నేను పన్నెండు వేలు పెట్టబోయి బొంతతో ఆగిపోయాను, అది ఇప్పటికీ అక్కడే ఉంది.

డన్‌లప్ పద్ధతి (రబ్బరు నురగని అచ్చులో పోసి నేరుగా ఉడికించే పద్ధతి) లాటెక్స్‌లో ఒక చిన్న కిటుకుంది. అచ్చులో పోసినప్పుడు బరువు కాస్త అడుగుకి దిగుతుంది కాబట్టి ఒక వైపు రవ్వంత గట్టిగా ఉండొచ్చు. కొంచెమే తేడా కావాలంటే పొరని బోర్లించి చూడండి.

ఏది మార్చినా ఒక్కసారి ఒక్కటే, దాని మీద కనీసం వారం. రెండు పొరలు మార్చి, దిండు మార్చి, మంచం జరిపి పడుకుంటే దేని వల్ల బాగైందో ఎప్పటికీ తెలీదు. ఫోన్‌లో తేదీ వేసి, అడుగు నుంచి పైకి 'గ-మీ-మె' (గట్టిది, మీడియం, మెత్తనిది) అని అమరిక రాసుకోండి. అన్నట్టు దిండు. పైపొర మెత్తబడితే భుజం లోపలికి దిగుతుంది, తలకీ పరుపుకీ మధ్య ఎత్తు తగ్గుతుంది, పాత దిండే వాడితే మెడ పట్టేస్తుంది. అప్పుడు పరుపుని తిట్టకుండా పలచటి దిండు వేసుకోండి.

నొప్పి కాలి కిందకి పాకుతున్నా, పాదం మొద్దుబారుతున్నా ఇవన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

6. ఇద్దరికీ రెండు రకాలు కావాలంటే

78 × 72 అంగుళాల మంచమైతే అడుగుది తప్ప మిగతా పొరల్ని 78 × 36 చొప్పున రెండు ముక్కలుగా అడగండి, కవరు మాత్రం ఒకటే. మా మంచంలో మా ఆవిడ వైపు పైన రెండంగుళాల మెత్తటి లాటెక్స్, నా వైపు అదే మందం మీడియం. అడుగు పొర ఇద్దరికీ ఒకటే, చీల్చాల్సిన పని లేదు. రెండు వైపులా మందం సమానంగా ఉండేలా మాత్రం చూసుకోండి, అరంగుళం తేడా ఉన్నా మధ్యలో మెట్టు తగులుతుంది, పిల్లాడు మధ్యలో పడుకుంటే ఆ రాత్రి ఎవరికీ నిద్రుండదు.

7. తర్వాత చూసుకోవాల్సినవి

మూణ్ణెల్లకోసారి తలవైపు కాళ్ళవైపుకి తిప్పండి, పొరల్ని విడివిడిగా తిప్పితే ఇంకా మంచిది. మెమరీ ఫోమ్ పైపొరని మాత్రం తిరగేసి కింద పెట్టకండి.

బూరుగు దూది పరుపులకి మనం చేసినట్టు డాబా మీద ఎండలో వేయొద్దు. దూదికి ఎండ పడితే పొంగుతుంది, లాటెక్స్‌కి ఎండ పడితే పెళుసెక్కి పొడి రాలుతుంది, ఫోమ్ పసుపు రంగుకి తిరుగుతుంది. కవరు ఉతికి ఎండలో వేయండి, పొరల్ని నీడలో గోడకి ఆనించకుండా పడుకోబెట్టి గాలి తగలనివ్వండి.

తీసేసిన పొరని వెంటనే ఎవరికీ ఇచ్చేయకండి. మడవకుండా, ఏమీ బరువు పెట్టకుండా మంచం కిందో అటక మీదో ఒక ఏడాది ఉంచండి, బరువు పెరిగినా తగ్గినా, కడుపుతో ఉన్నా ఒంటికి కావాల్సిన మెత్తదనం మారుతుంది. మాది అలా ఏడాదిన్నర ఉంది, తర్వాత మా అబ్బాయి దాన్ని బాల్కనీ బల్ల కొలతకి కత్తిరించేశాడు, అడగను కూడా అడగలేదు.