పాత అంబాసిడర్‌కి ఆక్సిజన్ సెన్సార్ ఎక్కడ బిగించాలి

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత అంబాసిడర్‌లు నడిపేవాళ్లు కార్బ్యురేటర్ ట్యూనింగ్‌కి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్‌ని బట్టి గాలి, పెట్రోల్ పాళ్లు మీటరు మీద చూపించేది) కొంటే, వెల్డింగ్ షాపుకి వెళ్లేముందే చోటు తేల్చుకోండి. 1489 సీసీ ఇంజన్‌లో మధ్య రెండు సిలిండర్లకి ఎగ్జాస్ట్ దారి ఒకటే. మానిఫోల్డ్‌లో (సిలిండర్ల పొగ బయటికొచ్చే గొట్టాల గుత్తి) ఓ మూల పెడితే నాలుగింటి లెక్కా రాదు. అన్నీ కలిశాక, మానిఫోల్డ్ నుంచి కిందకి దిగే డౌన్‌పైప్‌లో, ఇంజన్ హెడ్‌కి అడుగున్నర నుంచి రెండడుగుల దూరంలో పెట్టాలి.

పైపు అడుగున మాత్రం వద్దు. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ చివర నీళ్లు కారతాయి కదా, ఆ చుక్కే కాగిన సెన్సార్ పింగాణీ మీద పడితే చిట్లిపోతుంది. సెన్సార్ అడ్డంగా కంటే కనీసం 10 డిగ్రీలు పైకి లేచి, మూతి కిందకి ఉండాలి.

సెన్సార్ బిగించడానికి పైపుకి వెల్డ్ చేసే నట్టు 18 మిల్లీమీటర్లు, 1.5 పిచ్ (మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో). వెల్డింగ్ చేసేటప్పుడు సెన్సార్ బదులు అదే సైజు మరలున్న బోల్టు బిగించి ఉంచండి, లేకపోతే వేడికి మరలు వంకరపోతాయి.

సెన్సార్‌కి ముందు గాస్కెట్ లీకైతే బయటి గాలి లోపలికి లాగి మీటరు లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అని చూపిస్తుంది. అది నమ్మి పెట్రోల్ పెంచితే ప్లగ్గులు నల్లబడడమే! చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర గుడ్డతో ఒక్క క్షణం మూస్తే లీకు ఉన్నచోట బుస్సుమంటుంది.

ఐడిల్ రీడింగ్‌తో ఆగిపోకండి. రణస్థలం వైపు హైవే ఖాళీగా ఉన్నప్పుడు టాప్ గేర్‌లో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, పక్కనున్న మనిషిని మీటరు చూడమనండి: గాలి, పెట్రోల్ నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య రావాలి. మీటరు తీసేస్తే సెన్సార్ కూడా తీసి బోల్టు పెట్టేయండి. దాని లోపలి హీటర్‌కి కరెంటు లేకుండా పైపులో ఉంటే మసి పట్టి పాడవుతుంది.