ఊళ్లో రాజకీయ అధ్యయన బృందం: పన్నెండు వారాల పని

ఎనిమిది మంది మనుషులు, ఒక కొలత టేపు, ఒక లావుపాటి నోటుబుక్కు, వారానికి రెండు గంటలు. ఇంతకుమించి పెట్టుబడి అక్కర్లేదు. పంచాయతీ ఎలా నడుస్తుందో, డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చి ఎటు పోతుందో, ఓటు అడిగేవాడు తన గురించి తాను ఏం రాసిచ్చాడో చదివి అర్థం చేసుకోవడమే ఈ బృందం పని. నాయకత్వం పుట్టుకతోనో మైకుతోనో రాదు. కాగితం చదవడం, లెక్క అడగడం, పదిమందిలో మాట నిలబెట్టుకోవడం అలవాటైతే వస్తుంది. ఆ మూడూ నేర్చుకోదగ్గవే.

తెలుగు నేల మీద ఇది కొత్త సంగతి కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టినవాళ్లకు పుస్తకాలు అద్దె కిచ్చే ఉద్దేశం కాదు ఉన్నది, ఊరిని ఆలోచింపజేయాలని. 1930లలో నిడుబ్రోలులో రైతు కార్యకర్తల కోసం ఎన్.జి.రంగా పాఠశాల నడిపారు. 1937లో కొత్తపట్నంలో తలపెట్టిన రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించింది. చదువుకునే బృందమంటే అధికారానికి ఎందుకు గుబులో ఆ నిషేధమే చెబుతుంది.

మనుషుల్ని కూర్చడం

ఏడుగురికి తగ్గితే ఇద్దరు రాని వారం బృందం ఆగిపోతుంది. పన్నెండు దాటితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటూ కూర్చుంటారు. ఎనిమిది, తొమ్మిది సరైన లెక్క. కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి. పేరుకు ఒక్కరినే చేర్చుకుంటే ఆవిడ నోరు విప్పదు. ఒకే వీధివాళ్లు, ఒకే కులంవాళ్లు, ఒకే పార్టీవాళ్లు కాకుండా చూసుకోండి. చదువు రానివాళ్లను వదిలెయ్యకండి. ప్రతి కాగితాన్నీ ఒకరు పైకి చదవాలన్న నియమం పెడితే చదువు రావడం, రాకపోవడం అడ్డు కాదు. పైగా పైకి చదివినప్పుడే అర్థం కాని చోట ఎక్కడ జారిపోతున్నామో తెలుస్తుంది.

కూర్చునే చోటు ఎవరి ఇల్లూ కాకూడదు. గ్రంథాలయం, బడి వరండా, సామాజిక భవనం ఏదైనా పర్వాలేదు. పెద్దమనిషి అరుగు మీద మొదలైన బృందం మూడో వారానికి ఆయన బృందం అయిపోతుంది.

రెండు గంటల్లో మొదటి నలభై నిమిషాలు పైకి చదవడం, తర్వాతి నలభై ప్రశ్నలు, మిగిలిన సమయం వచ్చే వారానికి పని పంచుకోవడం. నడిపేవాళ్లు వారం వారం మారాలి. బృందం నోటుబుక్కులో ఒక్కొక్కరికీ కొన్ని పేజీలు ఉండాలి. కూటం అయ్యాక అందులో మూడు వాక్యాలు రాయాలి: ఈ రోజు తెలిసింది, ఇంకా అర్థం కానిది, నేను మార్చుకున్న అభిప్రాయం. రాయలేనివాళ్లు చెబితే పక్కవాళ్లు రాస్తారు. మూడో వాక్యం వరసగా నాలుగు వారాలు ఖాళీగా ఉంటే ఆ మనిషి నేర్చుకోవడానికి రావడం లేదు, నేర్పడానికి వస్తున్నాడు.

మొదటి రెండు వారాలు

రాజ్యాంగం తొమ్మిదో భాగం, అంటే 243 నుంచి 243-ఓ వరకు అధికరణలు, తెలుగు ప్రతి తెచ్చుకుని చదవండి. 73వ సవరణతో వచ్చిన ఈ భాగం 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. దానితోపాటు పదకొండో షెడ్యూలులోని 29 అంశాలు. ఆ 29లో మీ పంచాయతీ చేతిలో నిజంగా ఉన్నవేవో, కాగితానికే పరిమితమైనవేవో పక్కన గుర్తు పెట్టండి. ఈ ఒక్క కసరత్తుతోనే సగం కోపం సరైన చోటికి మళ్లుతుంది. సర్పంచిని తిడుతున్న పనుల్లో చాలా వాటికి సర్పంచి చేతిలో నిధీ ఉండదు, అధికారమూ ఉండదు. తెలంగాణవాళ్లు 2018 పంచాయతీరాజ్ చట్టం, ఆంధ్రవాళ్లు 1994 చట్టం దగ్గర పెట్టుకోవాలి. ఏజెన్సీ గ్రామాలైతే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం కూడా చదవక తప్పదు, అక్కడ గ్రామసభ అధికారాలు వేరు.

మూడో వారం: దరఖాస్తు ముందే పెట్టాలి

చాలా బృందాలు సమాచార హక్కును చివర్లో పెట్టుకుంటాయి. అది పొరపాటు. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. మూడో వారంలో దరఖాస్తు ఇస్తే ఏడో వారానికో ఎనిమిదో వారానికో కాగితాలు చేతికొస్తాయి.

పంచాయతీకి వచ్చే దరఖాస్తులు చూసేది పంచాయతీ కార్యదర్శే. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఎక్కడా లేదు. మిగతావాళ్లు జిరాక్సు ఖర్చు వేరే కట్టాలి.

దెబ్బతినేది ప్రశ్న దగ్గర. "మా కాలనీ రోడ్డు ఆర్నెల్లకే ఎందుకు పాడైంది?" అని అడిగితే జవాబు రాదు. రికార్డులో ఉన్నది ఇవ్వాలని చట్టం చెబుతుంది కానీ, లేని సంజాయిషీ రాసివ్వమని చెప్పదు. "ఫలానా ఏడాది వేసిన ఫలానా కాలనీ సీసీ రోడ్డు పనికి సంబంధించిన ఎస్టిమేటు, ఎం-బుక్కు, బిల్లు, చెల్లింపు వోచరు ప్రతులు ఇవ్వగలరు" అని అడగండి. ఎం-బుక్కు అంటే పని కొలతలు రాసే పుస్తకం. పని పేరు, ఏడాది, కాగితం పేరు మూడూ ఉండాలి. ఒక దరఖాస్తులో ఒకే పని గురించి అడగండి. పదిహేను ప్రశ్నలు గుచ్చితే సగానికి జవాబిచ్చి సగం వదిలేస్తారు. ఇచ్చినట్టు రశీదు తీసుకోవాలి, లేదా స్పీడ్ పోస్టులో పంపాలి.

గడువు దాటినా జవాబు రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 వరకు జరిమానా పడవచ్చు. ఈ తేదీలన్నీ నోటుబుక్కు మొదటి పేజీలో ఉండాలి. అప్పీళ్లు ఓడిపోయేది ఎక్కువగా తేదీ మరిచిపోయినందుకే.

వచ్చిన కాగితాలు బృందం సొత్తు. దరఖాస్తు ఎవరి పేరు మీద పెట్టినా, ప్రతులు అందరి ముందే విప్పాలి. కాంట్రాక్టరు దగ్గరికి ఒంటరిగా కాగితాలు పట్టుకెళ్లి వచ్చే మనిషి వల్ల ఊరికి బృందం మీద నమ్మకం పోతుంది. అలాంటిది తేలిన రోజే ఆ మనిషిని పంపేయండి. చర్చ అవసరం లేదు.

నాలుగు నుంచి ఎనిమిది వరకు: డబ్బు, పని

ఇక్కడ ఎక్కువ కాలం ఆగాలి. ముందు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ పేరు, ఆర్థిక సంవత్సరం ఎంచుకుని ప్రణాళిక, ఖర్చు రెండూ చూడండి. ఆడిట్‌ఆన్‌లైన్ పోర్టల్‌లో ఆడిట్ అభ్యంతరాలు దొరుకుతాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టినవి. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవడానికి ఇచ్చినవి, కానీ జీతాలకు కాదు. ఇది తెలియకనే గ్రామసభలో "డ్రైనేజీ డబ్బుతో రోడ్డు వేయండి" అని పట్టుబట్టి నవ్వులపాలవుతారు.

సొంత ఆదాయానికి డీసీబీ రిజిస్టరు చూడాలి: డిమాండు, వసూలు, బకాయి. ఇంటి పన్ను డిమాండు 4,00,000, వసూలు 2,60,000 అనుకుంటే 65 శాతం వచ్చినట్టు. బకాయి ఎవరిదో విడదీసి చూస్తే ఒక్కోసారి ఇబ్బందికరమైన నిజం బయటపడుతుంది: పెద్ద మేడలవాళ్లే బాకీ. ఇంకా ఇబ్బందికరమైనది, బృంద సభ్యుల పేర్లూ అందులో ఉండొచ్చు. ముందు మీ పన్ను కట్టి రశీదు తెచ్చుకోండి. లేకపోతే గ్రామసభలో మొదటి ప్రశ్నకే మీ నోరు మూయిస్తారు.

తర్వాత టేపు పట్టుకుని బయటికెళ్లాలి. సీసీ రోడ్డు ఒకటి ఎంచుకోండి. ఎం-బుక్కులో పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 0.15 మీటర్లు అని ఉంటే కాంక్రీటు 45 ఘనపు మీటర్లు. పొడవు, వెడల్పు సాధారణంగా సరిపోతాయి, ఎవరైనా కొలుస్తారని తెలుసు కాబట్టి. తేడా మందంలో ఉంటుంది. అంచు దగ్గర మట్టి తీసి నాలుగు చోట్ల కొలవండి. 0.10 మాత్రమే ఉంటే 30 ఘనపు మీటర్లే పోసినట్టు, అంటే మూడో వంతు మాయం. కానీ తొందరపడకండి. అంచు ఒక్కచోటే పలచబడి ఉండొచ్చు, అడుగు పొరకు ఎం-బుక్కులో వేరే లెక్క ఉండొచ్చు. సమాచార హక్కు చట్టం పనులను తనిఖీ చేసే, నమూనాలు తీసుకునే హక్కు కూడా ఇస్తుంది. కాబట్టి మీ కొలతలు రాసుకుని, ఇంజినీరు సమక్షంలో మళ్లీ కొలవమని లిఖితపూర్వకంగా అడగండి. మీ అంతట మీరు రోడ్డు పగలగొడితే కేసు మీ మీద పడుతుంది.

తొమ్మిదో వారం: అఫిడవిట్

ఎమ్మెల్యే, ఎంపీ అభ్యర్థులు నామినేషన్‌తోపాటు ఇచ్చే అఫిడవిట్ (ఫారం 26) ఎన్నికల సంఘం సైటులో ఎవరికైనా దొరుకుతుంది. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్వహించేవి, వాటి పత్రాలు ఈ సైటులో వెతకొద్దు.

ఒకే మనిషివి రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి చదవండి. ఆస్తి ఎంత పెరిగింది? చివరి ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం కలిపితే అంత పెరగడానికి వీలుందా? ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. భూమి మార్కెట్ విలువ పెరిగినంత మాత్రాన అక్రమం కాదు. అందుకే కొన్న ధర, కొన్న తేదీ గడులు చూసి, పాత భూమి విలువ పెరిగిందా, కొత్తగా కొన్నారా తేల్చుకోవాలి. భార్య లేదా భర్త, ఆధారపడినవాళ్ల వరసలూ ఉంటాయి. సంపాదించుకుంటున్న పెద్ద కొడుకు ఆస్తి అందులో కనిపించకపోవచ్చు, అది దాచినట్టు కాదు.

కేసుల గడిలో సంఖ్య చూసి ఊరుకోవద్దు. ధర్నా చేసినందుకు పడిన కేసుకూ, మోసం లేదా హత్యాయత్నం కేసుకూ ఒకే తూకం వేస్తే అన్యాయం. సెక్షన్లు చదవండి. 2024 జూలై 1 తర్వాతి కేసుల్లో భారతీయ న్యాయ సంహిత సంఖ్యలుంటాయి: మోసానికి పాత 420 ఇప్పుడు 318(4), హత్యాయత్నానికి పాత 307 ఇప్పుడు 109. కోర్టు అభియోగాలు ఖరారు చేసిందా లేదా అన్నది సంఖ్య కన్నా ముఖ్యం. నేరచరిత్ర ఉన్నవారికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు కారణాలు ప్రచురించాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. "గెలిచే అవకాశం" ఒక్కటే కారణం కాకూడదనీ చెప్పింది. ఆ కారణాలు తెచ్చి పైకి చదవండి. కొన్ని హాస్యం కోసమైనా చదవాలి.

ఈ వారం ఒక కఠిన నియమం: ఎవరు ఎవరి అభిమానో వాళ్లే ఆ అభ్యర్థి మీద ప్రశ్నలు తయారుచెయ్యాలి. వ్యతిరేకించేవాళ్లు సమర్థన చెప్పాలి. మొదట చిరాకు పడతారు. కానీ గెలిపించుకోవాలన్న మనిషిని నిలదీయడం నేర్వనివాడు రేపు తన కింద పనిచేసేవాణ్ణి కూడా నిలదీయలేడు.

పదో వారం ఎంపీ పనితీరు. హాజరు, అడిగిన ప్రశ్నలు పార్లమెంటు సైటులో ఉంటాయి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు. వాళ్లను సున్నా అని ప్రచారం చేస్తే అది మీ అజ్ఞానమే.

పదకొండు, పన్నెండు: గ్రామసభ

తెలంగాణ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి రోజుల్లో కూడా పెట్టడం ఆనవాయితీ. పన్నెండో వారం దానికి దగ్గర పడేలా మొదట్లోనే లెక్క వేసుకోండి.

ముందు వారం రిహార్సల్ చెయ్యాలి. ఒకరు సర్పంచి, ఒకరు కార్యదర్శి, ఇద్దరు అడ్డు తగిలేవాళ్లు. ప్రతి మాటా మూడు నిమిషాలు: ఏ పని, ఏ కాగితం, ఏం కోరుతున్నాం. "మీరు తిన్నారు" అనకూడదు. "ఎం-బుక్కులో 0.15 ఉంది, మేం కొలిస్తే 0.10 ఉంది, మళ్లీ కొలిపించండి" అనాలి. మొదటి వాక్యానికి గొడవ జరుగుతుంది, రెండో దానికి జవాబు చెప్పక తప్పదు. ఎప్పుడూ మాట్లాడనివాళ్లకే మొదటి అవకాశం ఇవ్వండి. ప్రతి కోరికా రాతపూర్వకంగా ఇచ్చి మినిట్స్‌లో రాయించి, రాసినది అక్కడే చదివించుకోవాలి. మాటకు సాక్ష్యం ఉండదు.

సర్పంచికి ముందే చెప్పి వెళ్లండి. చాటుగా సిద్ధమై సభలో మీద పడితే మంచి సర్పంచి కూడా శత్రువవుతాడు. బాగా చేసిన పని ఒకటి లెక్కతో సహా చెప్పి ఆ తర్వాత ప్రశ్నకు వెళ్తే సభ వింటుంది.

బృందం చెడేది ఎక్కువగా ఎన్నికల ముందు. ఎవరో ఒకరికి వార్డుకో సర్పంచి పదవికో నిలబడాలనిపిస్తుంది. అది తప్పు కాదు, 21 ఏళ్లు నిండి అర్హత ఉన్నవాళ్లెవరైనా పోటీ చేయొచ్చు, బృందం పెట్టిందీ అందుకే. అయితే ప్రకటించిన రోజే ఆ సభ్యుడు బృందం నుంచి తప్పుకోవాలి, కాగితాల ఫైలు మిగతావాళ్లకు అప్పగించాలి. గెలిచాక మూడు నెలలకు, అదే గ్రంథాలయంలో, అదే నోటుబుక్కు ముందు, పంచాయతీ క్యాష్‌బుక్కు పట్టుకుని ఒక సాయంత్రం వచ్చి కూర్చోవాలని పోటీకి ముందే రాయించుకోండి.