ఇంగ్లండ్ నుంచి బెజవాడ వచ్చి మోకాలు మార్పించుకోవాలంటే

ఇంగ్లండ్‌లో, కెనడాలో ఉన్న మనవాళ్లు మోకాలి మార్పిడికి, హెర్నియాకి, గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి విజయవాడ, గుంటూరు రావడం ఇప్పుడు మామూలైపోయింది. స్పెషలిస్టుకి రాసి పంపిన (రెఫరల్ ఇచ్చిన) 18 వారాల్లోపు వైద్యం మొదలవ్వాలని ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ గడువైతే పెట్టుకుంది, కానీ 2023లో ఆ వెయిటింగ్ లిస్టు 77 లక్షల దాకా వెళ్లింది. మెట్లెక్కలేక, రాత్రి నొప్పితో నిద్రపట్టక అవస్థ పడుతున్న మనిషిని ఇంకా ఆగమంటే ఎలా ఆగుతారు? అందుకే రావద్దని చెప్పను. అయితే చాలామంది ఆపరేషన్ తేదీ ఒక్కటీ ఖాయం చేసుకుని విమానం ఎక్కేస్తున్నారు, ఆ తర్వాతి రెండు నెలల గురించి ఎవరూ అనుకోవట్లేదు. నా బాధంతా దాని గురించే.

టికెట్ కొనేముందు మీ జీపీని, అంటే అక్కడి మీ ఫ్యామిలీ డాక్టర్ని, ఒక మాట అడగండి. ఇంగ్లండ్‌లో రెఫరల్ వేరే ఆసుపత్రికి మార్చుకునే హక్కు మీకుంది, ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుతోనే చేసే ప్రైవేటు ఆసుపత్రులు కూడా అందులో ఉంటాయి. పక్క ఊళ్లో తొందరగా అయ్యే పనైతే ఇంత దూరం ఎందుకు?

రావాలనే నిర్ణయించుకుంటే ముందు డాక్టర్ని చూసుకోండి, ఆసుపత్రి బిల్డింగ్‌ని కాదు. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఏ సందులోకి వెళ్లినా ఆర్థోపెడిక్ బోర్డు కనిపిస్తుంది, అందులో మీకు ఎవరు సరిపోతారన్నది వీడియో కాల్‌లో చాలావరకు తేలిపోతుంది. ఎక్స్‌రేని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సరిపోదు, ఒరిజినల్ ఫైళ్లు సీడీలోనో లింకుగానో పంపండి. ఆపరేషన్ మీ చేత్తోనే చేస్తారా, ఇన్‌ఫెక్షన్ వస్తే ఏం చేస్తారు, నేను తిరిగి వెళ్లాక ఫోన్లో దొరుకుతారా అని మొహమాటపడకుండా అడగండి. షుగర్ ఎంతుంది, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, పళ్లలో చీము లాంటిదేమైనా ఉందా అని కనుక్కోకుండానే తేదీ ఇచ్చేసే డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆసుపత్రికి ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇండియన్ పాస్‌పోర్టు గానీ, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు గానీ ఉంటే వీసా గొడవ లేదు. రెండూ లేనివాళ్లు మెడికల్ వీసా తీసుకోవాలి, తోడుగా ఇద్దరి దాకా అటెండెంట్ వీసాలు ఇస్తారు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలని చేయించుకునే ఆపరేషన్‌కి వర్తించదు, అది ఉంది కదా అన్న ధీమా పెట్టుకోకండి.

ప్యాకేజీ ఎంతో నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, కాగితం మీద రాసిమ్మనండి. ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు), ఐసీయూ, రక్తం, ఫిజియోథెరపీ అందులో కలిశాయా, ఒక రోజు ఎక్కువ ఉండాల్సొస్తే ఎంత, అన్నీ రాయించుకోండి. మోకాలి ఇంప్లాంట్లకు 2017లోనే కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది కాబట్టి ఇంప్లాంట్ పేరు, కంపెనీ, ధర బిల్లులో విడిగా చూపించమని అడగడంలో తప్పులేదు. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, అందుకని డబ్బు ముందే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకో (ప్రవాసులకు ఇక్కడి బ్యాంకులో ఉండే రూపాయల ఖాతా) ఇక్కడి అన్నదమ్ముల ఖాతాలోకో వేసి ఉంచుకోండి.

అక్కడ అలవాటైనవాళ్లకి ఇక్కడ వింతగా అనిపించేది అటెండెంట్ సంగతి. మన ఆసుపత్రుల్లో పేషెంట్ పక్కన రాత్రీ పగలూ ఒక మనిషి ఉండాలి. నర్సు చీటీ రాసిస్తే కింద మెడికల్ షాపుకి పరుగెత్తేదీ, బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడేదీ ఆ మనిషే. మా పెద్దమ్మ వచ్చినప్పుడు ఈ పనికి మనుషుల్ని ముందే వంతులేసి పెట్టుకున్నాం, అయినా అందరం అలిసిపోయాం. డెబ్బై ఏళ్ల బాబాయి ఒక్కడే ఉన్నాడు, ఆయనే చూసుకుంటాడులే అనుకుని రాకండి.

ఉండే ఇల్లు కూడా ఇప్పుడే చూసిపెట్టుకోవాలి. లిఫ్టు లేని రెండో అంతస్తు పనికిరాదు. కమోడ్ ఎత్తు తక్కువైతే పైన పెట్టుకునే ఎత్తు సీటు కొనండి, బాత్రూంలో గోడకి పట్టుకునే రాడ్డు వేయించండి, గడప ఎత్తుగా ఉంటే వాకర్ ఎలా దాటుతుందో ఆలోచించండి. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టుని ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది, కానీ సంక్రాంతి వారం వదిలేయండి. డాక్టర్లు, స్టాఫ్ చాలామంది ఊళ్లకెళ్తారు, హైదరాబాద్‌లో దిగితే హైవే మీద పంతంగి టోల్ దగ్గర గంటలు గంటలు ఇరుక్కుపోతారు. రోహిణి కార్తె ఎండల్లో అయితే అసలు వద్దు.

తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. మోకాలు, తుంటి మార్పిడి తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొన్ని వారాలు ఉంటుంది, అందుకే దూర విమానాలకి ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా ఆగమంటారు. ఎప్పుడు వెళ్లొచ్చో సర్జన్ చేత రాయించుకోండి, వీల్‌చైర్ ముందే బుక్ చేసుకోండి.

డిశ్చార్జి రోజు హడావుడిలో కాగితాలు వదిలేయకండి. ఇంప్లాంట్ డబ్బా మీద లాట్ నంబర్ (తయారీ బ్యాచ్ నంబర్) ఉన్న చిన్న స్టిక్కర్లుంటాయి, అవి మీ ఫైల్లో అతికించారో లేదో కళ్లతో చూసుకోండి. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ మోకాలు మళ్లీ మార్చాల్సొస్తే అక్కడి సర్జన్ మొదట అడిగేది వాటినే. ఆపరేషన్ నోట్స్, తర్వాత తీసిన ఎక్స్‌రే, మందుల చీటీ అన్నీ ఇంగ్లీషులో టైపు చేయించి తీసుకోండి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు బ్రిటన్‌లో చట్టం కట్టడి చేసిన (కంట్రోల్డ్) మందులు, ప్రిస్క్రిప్షన్ లేకుండా బ్యాగులో పెట్టుకోకండి.

వెళ్లిన వారంలోనే ఆ ఫైలు జీపీకి ఇవ్వండి. ఇండియాలో ఆసుపత్రిలో ఉన్నానని ఏడాది దాకా అక్కడి ఏ ఆసుపత్రికి వెళ్లినా చెప్పండి, మందులకు లొంగని బాక్టీరియా ఉందేమోనని టెస్టు చేస్తారు, కంగారు పడక్కర్లేదు. పిక్క వాచి నొప్పెట్టినా, కుట్ల దగ్గర ఎర్రబడి నీరు కారినా, ఊపిరి అందకపోయినా ఇక్కడి డాక్టర్‌కి వాట్సాప్ పెట్టి జవాబు కోసం కూర్చోకుండా వెంటనే అక్కడి ఎమర్జెన్సీకి వెళ్లండి.