గేర్‌కేస్ డ్రెయిన్ స్క్రూ గాడి అరిగిపోయినప్పుడు

కృష్ణలో బోటు నడిపేవారికి ఇంజిన్ ఆయిల్ మీద ఉన్న శ్రద్ధ, బోటు వెనుక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు అడుగున, ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్లతో నీళ్లలో మునిగి ఉండే గేర్‌కేస్ మీద ఉండదు. సాధారణంగా 100 గంటలు నడిచాక గానీ, ఏడాదికి ఒకసారి గానీ అందులో ఆయిల్ మార్చాలి. ఆ పనికి కూర్చున్న రోజునే అడుగు స్క్రూ తల మీది గాడి గుండ్రంగా అరిగిపోయిందని బయటపడుతుంది. అప్పుడు ఒక్కటే గుర్తుంచుకోవాలి: స్క్రూ పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు, గేర్‌కేస్ పాడైతే తట్టుకోలేం. కాబట్టి దెబ్బలన్నీ స్క్రూకే తగలాలి, చుట్టూ ఉన్న అల్యూమినియానికి కాదు.

ముందుగా విప్పవలసిన స్క్రూ ఏదో నిర్ధారించుకోవాలి. పైన ఉన్నది ఆయిల్ మట్టాన్ని చూపేది, అడుగున ఉన్నది ఆయిల్ వంపేసే డ్రెయిన్. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో కొన్నిటికి డ్రెయిన్ స్క్రూ పక్కనే ప్లస్ గుర్తు తల ఉన్న మరో స్క్రూ ఉంటుంది. అది గేరు మార్చే లింకేజీకి ఇరుసు. పొరపాటున దాన్ని విప్పితే లోపలి లింకేజీ జారిపోయి, పది నిమిషాల పని గేర్‌కేస్ మొత్తం విప్పేదాకా వెళ్తుంది.

స్క్రూ రాకపోవడానికి కారణం చాలాసార్లు స్క్రూడ్రైవరే. గాడి పొడవంతా, లోతంతా నిండే బిట్ కాకుండా చేతికందిన సన్నపాటి దాన్ని పెట్టి బలంగా తిప్పితే అంచులు లేచిపోతాయి. నేనూ మొదటిసారి అదే చేశాను. మూడోసారి జారినప్పుడు గాడి అంచు వెండి తునకలా లేచి వేలికి గుచ్చుకుంది. ఆ తరువాత ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో వెడల్పాటి బిట్‌ను గాడి కొలతకు అరగదీయించుకున్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

స్టార్టు కాకుండా ప్లగ్ వైరు తీసేసి, మోటారును నిటారుగా బిగించి, స్క్రూ చుట్టూ ఉన్న బురదను తీగ బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు సుత్తితో కొట్టే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్‌కు ఆ బిట్ తొడిగి, విప్పే దిశలో పెట్టి, నిటారుగా రెండు మూడు గట్టి దెబ్బలు వేయాలి. ఆ అదురుకే చాలా స్క్రూలు కదులుతాయి. కదలకపోతే హాట్ ఎయిర్ గన్‌తో స్క్రూ చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేయండి. ఉక్కు కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది గనుక పట్టు సడలుతుంది. పెట్రోలు ట్యాంకు ఉన్న చోట మంటతో పని చేయకూడదు, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరి రబ్బరు సీలుకు వేడి తగలనివ్వకూడదు.

గాడి పూర్తిగా పోయి ఉంటే, తల అంచున చిన్న ఉలితో ఒక గంటు పెట్టి, అక్కడ ఉలిని ఏటవాలుగా ఆనించి విప్పే దిశలో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. దానికీ లొంగకపోతేనే డ్రిల్లు. సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, ముందు తలను మాత్రం తొలచాలి. తల ఊడితే బిగింపు బలం పోయి, మిగిలిన ముక్క తరచూ పటకారుకే వస్తుంది. రంధ్రం వెనుక గేర్లు ఉంటాయి గనుక లోతుకు పోకుండా బిట్‌కు టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. కొన్ని స్క్రూల చివర అయస్కాంతం ఉంటుంది, అది లోపల విరిగి పడకుండా చూడాలి.

స్క్రూ వచ్చాక కేసు రంధ్రం లోపలి మరలు చూడండి. అవి కూడా పోయి ఉంటే పెద్ద స్క్రూ బలవంతంగా బిగించడం నేను ఒప్పుకోను. రంధ్రంలో కొత్త మరలున్న లోహపు తొడుగు, అంటే ఇన్సర్టు, వేయించడమే మంచిది. అయితే చివర తుంచవలసిన కొక్కెం ఉన్న తీగ రకం వద్దు, ఆ కొక్కెం గేర్లలో పడుతుంది. గట్టి గొట్టంలా ఉండే బుష్ రకం అడగండి. ఇన్సర్టు పైఅంచు కేసు ముఖం కంటే కొద్దిగా లోపలికి ఉండాలి, ఎందుకంటే నీటిని ఆపేది మరలు కాదు, తల కింది వాషరు. అది కూర్చునే ముఖం చదునుగా మిగలాలి. మరలు కోసే ట్యాపుకు గ్రీజు పూసి తొలిస్తే తునకలు దానికి అంటుకుంటాయి. ఆపైన పైస్క్రూ కూడా తీసి, కొద్దిగా పల్చటి గేర్ ఆయిల్ పోసి కడిగి వదిలేయాలి.

పాత స్క్రూను వెంట తీసుకెళ్లి అదే కొలత కొత్తది, రెండు కొత్త వాషర్లు కొనండి. కంపెనీ చెప్పిన గేర్ ఆయిల్‌ను అడుగు రంధ్రం నుంచే పంపుతో ఎక్కించాలి. పైరంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చాక ముందు పైస్క్రూ బిగించి, తరువాత పంపు తీసి వెంటనే అడుగుది బిగించాలి. వాషరు నొక్కుకునేంత బిగిస్తే చాలు.

మొదటి కొన్ని గంటలు నడిపాక, మోటారు ఆగి కాసేపు నిలిచిన తరువాత, అడుగు స్క్రూను కొద్దిగా సడలించి నాలుగు చుక్కలు వేలి మీదకు తీసుకోండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు లోపలికి పోతున్నాయి. తేనెలా నిగనిగలాడుతుంటే వాషరు పట్టింది.