గాలి వీస్తే సిగ్నల్ ఎందుకు పడిపోయింది?

పర్లాకిమిడిలో మా డాబా మీద డీడీ ఫ్రీ డిష్. గాలి వీచిందంటే చాలు, సప్తగిరి ఛానెల్ బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయేది. సెట్‌టాప్ బాక్స్‌లో సిగ్నల్ స్ట్రెంత్ మాత్రం కదిలేది కాదు. ఆ అంకెలో నాయిస్ (అక్కర్లేని రొద) కూడా కలిసుంటుంది, దాన్ని నమ్మితే అంతే సంగతులు. చూడాల్సింది సిగ్నల్‌కూ నాయిస్‌కూ ఉన్న నిష్పత్తి.

పాత కంప్యూటర్‌లో ఉపగ్రహ టీవీ సిగ్నల్ అందుకునే డీవీబీ-ఎస్ కార్డుకు కేబుల్ తగిలించాను. లినక్స్‌లో సిగ్నల్ కొలతలు చూపే ఫెమాన్ అనే ప్రోగ్రామ్ ఇచ్చే ప్రతి వరుసకూ టైము జోడించి ఫైల్లో రాసే చిన్న బాష్ స్క్రిప్టు పెట్టాను. ఆ నిష్పత్తి మామూలుగా 11 డెసిబెల్స్. గాలికి 5కి పడి, సరిదిద్దలేనంతగా పాడైన డేటా బ్లాకుల లెక్క పెరిగేది.

ఫ్రీ డిష్ ఛానెళ్లు పంపే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున. మాకైతే దక్షిణానికి కాస్త తూర్పుగా, బాగా ఎత్తులో. అటు చూస్తే పక్కింటి కొబ్బరిమట్ట ఊగుతోంది! "మట్ట కొట్టించుకో నాయనా, కాయల జోలికి మాత్రం పోకు" అన్నారు పక్కింటి మామ్మగారు.

మట్ట కొట్టించాక, ఇప్పుడు జోరువానకే అంకె పడుతోంది. ఈ డిష్ అందుకునే కేయూ బ్యాండ్ తరంగాలకి అది మామూలే.