గామా నుంచి ఎలక్ట్రాన్ పుడతదా? రియాక్షన్ ఇస్తే ఎట్ల చెక్ చేయాలె

ఎనర్జీ నుంచి మాస్ పుడతది అనంగనే మన పిల్లలు ఈ ఈక్వల్స్ ఎంసీ స్క్వేర్ రాసుడు, ఎనర్జీ సరిపోయింది కాబట్టి రియాక్షన్ అయితది అని టిక్ పెట్టుడు, ఇదే పని. నేను చెప్పేది ఉల్టా, ఎనర్జీ లెక్క ఆఖర్ల చూడుండ్రి. భూమి కొననీకి చేతిల పైసలుంటే అయిపోతదా, పాస్‌బుక్కు, సర్వే నంబరు, వారసుల సంతకాలు అన్నీ కలవాలె, ఒక్కటి తప్పినా రిజిస్ట్రేషన్ ఆగుతది, ఇది గూడ గంతే.

ముందుగాల చార్జ్ చూడుండ్రి. గామా అంటే మస్తు ఎనర్జీ ఉన్న ఫోటాన్, అంటే లైట్ కణమే. ఫోటాన్‌కి చార్జ్ సున్నా, అందుకే దాంట్లకెళ్లి ఒక్క ఎలక్ట్రాన్ ఎన్నడూ రాదు, పక్కన పాజిట్రాన్, అంటే ప్లస్ చార్జ్ ఉన్న యాంటీ ఎలక్ట్రాన్, రావాల్సిందే. ఆ పాజిట్రాన్‌ని 1932ల ఆండర్సన్ క్లౌడ్ చాంబర్ (కణాలు పోయిన దారిని ఆవిరి గీతలుగ చూపే డబ్బా) ఫోటోల పట్టుకున్నడు, మరుసటేడు బ్లాకెట్, ఒకియాలినీ ఇద్దరూ జంటలు జంటలుగా పుట్టుడు చూపిచ్చిన్రు.

చార్జ్ కలిసినంక లెప్టాన్ నంబర్, బేరియాన్ నంబర్. ఇవి కణాలకిచ్చే లెక్క నంబర్లు, రియాక్షన్‌కు ముందు, తర్వాత మొత్తం మారొద్దు. ఎలక్ట్రాన్, న్యూట్రినోలకు లెప్టాన్ నంబర్ ప్లస్ 1, వాటి యాంటీలకు మైనస్ 1. ప్రోటాన్, న్యూట్రాన్‌లకు బేరియాన్ నంబర్ ప్లస్ 1, యాంటీలకు మైనస్ 1. "గామా నుంచి ప్రోటాన్, ఎలక్ట్రాన్ పుడతయా" అని అడిగితే చార్జ్ మంచిగ కలుస్తది, అక్కడనే చాలామంది పడిపోతరు. ఎడమ దిక్కు బేరియాన్ సున్నా, కుడి దిక్కు 1, లెప్టాన్ గూడ గట్లనే, రెండు దగ్గర్ల తప్పింది, కొట్టేయుండ్రి. న్యూట్రాన్ విరిగి ప్రోటాన్, ఎలక్ట్రాన్ మాత్రమే అయితది అన్నా తప్పే, లెప్టాన్ కలవదు, స్పిన్ (కణం సొంత తిరుగుడు లెక్క) గూడ కలవదు. సగం స్పిన్ ఉన్నయి (ఎలక్ట్రాన్, ప్రోటాన్, న్యూట్రాన్, న్యూట్రినో అన్నీ గీ రకమే) ఎడమ దిక్కు ఒకటుంటే కుడి దిక్కు గూడ బేసి సంఖ్యలనే ఉండాలె, ఇది మస్తు పనికొచ్చే చిట్కా. ఆ లోటు పూడ్చనీకే పౌలీ 1930ల న్యూట్రినో అనే కణం ఉండాలె అన్నడు, అది నిజంగ దొరికేసరికి 1956 అయింది.

ఇగ అసలైంది మొమెంటం. ఎలక్ట్రాన్ మాస్‌ని ఎనర్జీల చెప్తే 0.511 ఎంఈవీ, అంటే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల లెక్క. జంటకు 1.022 ఎంఈవీ కావాలె. సరిగ్గా 1.022 ఉన్న గామా ఖాళీ జాగల జంటగా మారింది అనుకుందాం, ఎనర్జీ మొత్తం మాస్‌కే అయిపోయింది కాబట్టి రెండూ కదలకుండ నిలబడాలె, మరి గామా తెచ్చిన మొమెంటం ఏడికి పోయింది? ఎనర్జీ పెంచినా గిదే కథ, ఎందుకంటే ఆ జంట వెంట సరైన స్పీడుల ఉరికేటోడికి వాటి మొత్తం మొమెంటం సున్నా కనిపిస్తది, గని అదే మనిషికి ముందటి ఫోటాన్ ఎప్పుడూ లైట్ స్పీడుతోనే పోతది, దాని మొమెంటం సున్నా అయ్యే మాటే లేదు. అందుకే ఒంటరి ఫోటాన్, ఎంత ఎనర్జీ ఉన్నా, ఖాళీల జంట కాలేదు. పక్కన న్యూక్లియస్ ఉండాలె, అది బరువుగ ఉంటది కాబట్టి మొమెంటం తీస్కుంటది గని ఎనర్జీ దాదాపు తీస్కోదు. అదే పని ఒక ఎలక్ట్రాన్‌కి అప్పజెప్తే, తేలికది, అది గూడ ఉరుకుతది, అప్పుడు కనీసం 2.044 కావాలె, అంటే డబుల్.

ప్రోటాన్లకైతే ఈ తేడా ఇంకా కొడతది. నిలబడ్డ ప్రోటాన్‌ని ఇంకో ప్రోటాన్‌తో కొట్టి కొత్తగ ప్రోటాన్, యాంటీప్రోటాన్ జంట పుట్టియ్యాలంటే రెండు మాస్‌ల ఎనర్జీ, 1.88 జీఈవీ (ఒక జీఈవీ అంటే వెయ్యి ఎంఈవీ) చాలనిపిస్తది, కాదు, 5.6 జీఈవీ పెట్టాలె, మిగిలిందంతా గుద్దినంక అందరూ కలిసి ముందుకు పోవుడుకే ఖర్చయితది. అమెరికాల బర్క్‌లీల బెవట్రాన్ అనే, ప్రోటాన్లను ఉరికిచ్చే మిషన్‌ని 6 జీఈవీ దాటి కట్టింది గీ లెక్క చూసే, 1955ల యాంటీప్రోటాన్ అక్కడనే దొరికింది.

ఇప్పుడు ఎనర్జీ. మన దగ్గరి ముచ్చటే తీస్కుందాం, పాలమూరు, నల్లగొండ గుట్టల గ్రానైట్. యురేనియం అంటే మనోళ్లకు లంబాపూర్, ఆమ్రాబాద్ లొల్లి గుర్తొస్తది గని అంత దూరం పోనక్కర్లే, మామూలు ఎర్ర గుండుల పొటాషియం, థోరియం ఉంటయి. పొటాషియం-40 గామా 1.461 ఎంఈవీ, 1.022 తీసేస్తే 0.439 మిగులుతది, అది జంట ఉరుకుడుకు. అయితది అని రాయుండ్రి గని అంత తక్కువ ఎనర్జీ దగ్గర ఇది అరుదు, ఎక్కువ గామాలు ఎలక్ట్రాన్లకు తగిలి కొంత ఎనర్జీ ఇచ్చి పక్కకు మళ్లే కాంప్టన్ స్కాటరింగ్‌లనే పోతయి. థోరియం వంశంల థాలియం-208 గామా 2.614, దీనికి కొంచెం చాన్స్ ఎక్కువ. ఆ రాయి ముక్కని గామాల ఎనర్జీ కొలిచే జెర్మేనియం డిటెక్టర్ ముందట పెడితే 2.614 గీత ఒక్కటే కాదు, 2.103 దగ్గర, 1.592 దగ్గర గూడ చిన్న గుట్టలు లేస్తయి. ఏందంటే డిటెక్టర్‌లనే జంట పుట్టింది, పాజిట్రాన్ ఆగి ఇంకో ఎలక్ట్రాన్‌తోని కలిసి 0.511 గామాలు రెండయింది, ఒకటి తప్పించుకుంటే 2.103, రెండూ పోతే 1.592. తీసివేసి చూడుండ్రి, అంకెలు కలుస్తయి. హైదరాబాద్ల పెట్ స్కాన్ చేసేటప్పుడు మిషన్ పట్టేది గూడ గీ 0.511 జతలనే.

ఇంత చిన్న అంకెలు చూసి ఇది సస్తా అనుకోకుండ్రి. ఒక్క గ్రాము పుట్టియ్యాలంటే 2.5 కోట్ల యూనిట్ల కరెంటు, నాగార్జునసాగర్ మెయిన్ పవర్‌హౌస్ 816 మెగావాట్ల ఫుల్ లోడ్ మీద 30 గంటలు నడవాలె, అండ్ల గూడ సగం యాంటీమాటరే.

ఒకటి మీరే చేయుండ్రి: ప్రోటాన్ విరిగి పాజిట్రాన్, పై జీరో (చార్జ్, స్పిన్, బేరియాన్, లెప్టాన్ అన్నీ సున్నా ఉన్న కణం) అయితదా? చార్జ్ ఓకే, స్పిన్ ఓకే, మొమెంటం, ఎనర్జీ ఓకే, గని బేరియాన్ 1 నుంచి సున్నాకి, లెప్టాన్ సున్నా నుంచి మైనస్ 1కి పడింది. జపాన్ల సూపర్-కమియోకాండే అనే పెద్ద నీళ్ల ట్యాంకుల ఏండ్ల తరబడి దీనికోసం గూడ కాపలా కాసిన్రు, ఇప్పటిదాక ఒక్కటి గూడ పక్కాగ దొరకలే. ఎగ్జామ్‌ల మాత్రం "జరగదు, బేరియాన్ నంబర్ కలవదు" అనే రాయుండ్రి, మార్కులు దానికే.