నలుగురు కలిసి వాడే ఇంటికి చవకలో మంచి నెట్ కనెక్షన్ ఎలా వెతకాలి

ఒకే ఇంట్లో నలుగురైదుగురు ఉంటూ ఒకటే నెట్ పంచుకుంటున్నారా, లేదా కొత్తగా తీసుకోబోతున్నారా, అయితే ఇది మీకోసమే. అందరూ ముందు చూసేది రెండే, నెలకి ఎంత, ఎన్ని ఎంబీపీఎస్. నేను కూడా మొదటిసారి అవే చూసి తీసుకున్నా, నంబర్ పెద్దగా ఉంది రేటు తక్కువగా ఉంది ఇంకేం కావాలి అని. పగలు స్పీడ్ టెస్ట్ పెడితే సూపర్‌గా వచ్చేది, రాత్రి ఎనిమిది అయ్యేసరికి వీడియో కాల్‌లో మాట ముక్కలు ముక్కలు, పక్క రూంలో గేమ్ ఆడేవాడు తల పట్టుకునేవాడు, ఏడాది కాంట్రాక్ట్ కాబట్టి మధ్యలో వదిలించుకోడానికీ లేదు. ఆ ఏడాది పడ్డ ఇబ్బందితో నాకు బాగా అర్థమైంది ఏంటంటే, డౌన్‌లోడ్ నంబర్ కాదు, ఇంట్లో అందరూ ఒకేసారి వాడే టైంలో ఆ లైన్ ఎలా ఉంటుందో అది చూసి కొనాలి.

ఇప్పటికే ఒక కనెక్షన్ ఉండి అది బాలేదని మార్చాలనుకుంటే ఆగండి, తప్పు లైన్‌ది కాకుండా వైఫైది అయ్యుండొచ్చు. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో డైరెక్ట్‌గా రౌటర్‌కి పెట్టి ఒకసారి చూడండి, కేబుల్ మీద బాగుండి వైఫై మీద బాలేదంటే కంపెనీ మార్చినా ఒరిగేదేం లేదు. ఇంకో పద్ధతి, మీ రూంలో కూర్చుని వైఫై మీద రౌటర్ అడ్రస్‌కే పింగ్ పెట్టండి, అంటే చిన్న సందేశం పంపి అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడటం, చాలా ఇళ్ళలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. రౌటర్ దాకా వెళ్ళి రావడానికే 50, 100 మిల్లీసెకన్లు పడుతుంటే సమస్య గోడల మధ్యే ఉంది. రౌటర్‌ని ఇంటి మధ్యలోకి, కాస్త ఎత్తులోకి జరిపితే చాలామందికి సగం బాధ అక్కడే పోతుంది.

సరే లైనే బాలేదు, లేదా కొత్తగా తీసుకోవాలి. అప్పుడు కంపెనీల వెబ్‌సైట్లు తెరవకముందు మీ ఇంటి లెక్క వేసుకోండి. మామూలు హెచ్‌డీ వీడియోకి ఒక్కోదానికి 5 ఎంబీపీఎస్ దాకా, 4కే అయితే 15 నుంచి 25, వీడియో కాల్‌కి వచ్చే వైపు 3, 4 వెళ్ళే వైపు 3, 4 అలా. ఆన్‌లైన్ గేమ్ ఆడుతున్నప్పుడు నిజానికి చాలా తక్కువే లాగుతుంది, దానికి కావాల్సింది స్పీడ్ కాదు ఆలస్యం లేకపోవడం. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు 4కే చూస్తున్నారు, ఒకరు హెచ్‌డీ, ఒకరు కాల్‌లో ఉన్నారు అనుకున్నా మొత్తం 60 దాటదు. అంటే నలుగురి ఇంటికి నిలకడగా వచ్చే 100 ఎంబీపీఎస్ చాలు, సేల్స్ వాళ్ళు ఫోన్ చేసి మీ ఇంటికి 300 ఉండాల్సిందే సార్ అంటే కంగారుపడకండి. ఎక్కువ ఉంటే తేడా తెలిసేది పెద్ద ఫైళ్ళ దగ్గరే. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 100 మెగాబిట్లు, దాన్ని 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు, 50 జీబీ గేమ్ దిగడానికి గంటా పది నిమిషాలు పడుతుంది. అది నెలకొకసారి జరిగే పనే అయితే రాత్రి పడుకునే ముందు పెట్టుకుంటే సరిపోతుంది కదా, దానికోసం ప్రతి నెలా ఎక్కువ కట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

అసలు విషయం అప్‌లోడ్. దీన్ని ఎవరూ అడగరు, కంపెనీ వాళ్ళూ చెప్పరు, ప్లాన్ పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. షేర్ చేసుకునే ఇంట్లో గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. ఎలాగంటే, ఎవరో ఒకరు బయట తిరిగొచ్చి వైఫైకి కనెక్ట్ అవ్వగానే వాళ్ళ ఫోన్ ఆ రోజు తీసిన ఫోటోలు వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడుతుంది, ఆ మనిషికి ఆ సంగతే తెలీదు. అప్‌లోడ్ దారి ఇరుగ్గా ఉంటే అది నిండిపోతుంది. నిండితే డౌన్‌లోడ్ ఎందుకు ఆగాలి అని అనుకోవచ్చు, కానీ మీరు వీడియో చూస్తున్నా పేజీ తెరిచినా అవతల నుంచి వచ్చిన డేటా అందింది అని మన వైపు నుంచి చిన్న చిన్న కబుర్లు వెళ్తూ ఉండాలి, అవి వెళ్ళాల్సింది కూడా అదే అప్‌లోడ్ దారిలో. ఆ కబుర్లు క్యూలో ఇరుక్కుంటే అవతలివాడు డేటా పంపడం నెమ్మదిస్తాడు. అందుకే 100 డౌన్‌లోడ్ ఉన్న ఇంట్లో కూడా ఒక్క ఫోన్ బ్యాకప్ వల్ల అందరి నెట్ చచ్చుబడిపోతుంది, అందరూ కలిసి కంపెనీని తిట్టుకుంటారు.

రౌటర్‌లోనూ మోడెమ్‌లోనూ డేటా ఎక్కువసేపు క్యూలో నిలబడిపోయే ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు. మీ లైన్‌కి ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. బయట ఏదైనా సర్వర్‌కి పింగ్ పెట్టి ఉంచండి, 15, 20 మిల్లీసెకన్లు చూపిస్తుంది అనుకుందాం, అప్పుడు ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ చెయ్యండి. పింగ్ 30, 40 దాకా వెళ్ళి ఆగితే బాగున్నట్టే, 300, 500కి ఎగబాకితే మాత్రం మీ ఇంట్లో ఎవరు అప్‌లోడ్ చేసినా మిగతా వాళ్ళ కాల్స్ పాడవుతాయి. దీనికి మందు కూడా ఉంది. ఎస్‌క్యూఎం అనే, క్యూని అదుపులో పెట్టే సెట్టింగ్ ఉన్న రౌటర్ తీసుకుని, లేదా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోగలిగే రౌటర్‌లో కేక్ అనే క్యూ పద్ధతి ఆన్ చేసి, స్పీడ్‌ని మీ లైన్ అసలు స్పీడ్‌లో 85, 90 శాతం దగ్గర కట్టేస్తే క్యూ పెరగదు. పైన ఒక పది శాతం స్పీడ్ వదులుకుంటారు, కానీ ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. పెద్ద ప్లాన్‌కి మారే ముందు ఇది చేసి చూడమని నేను అందరికీ చెప్తా, చాలాసార్లు చిన్న ప్లానే సరిపోతుంది.

ఇక లైన్ ఎలాంటిది అన్నది. ఫైబర్ దొరికితే ఇంకో ఆలోచన అక్కర్లేదు, అదే తీసుకోండి, అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్‌తో సమానంగా ఇచ్చే ప్లాన్లు ఎక్కువ అందులోనే ఉంటాయి. అయితే ఒకటి అడగండి, ఫైబర్ మా ఇంటి లోపలి దాకా వస్తుందా లేక బిల్డింగ్ కింద డబ్బా దాకా వచ్చి అక్కడి నుంచి రాగి తీగా అని. పోస్టర్ మీద రెండిటికీ ఫైబర్ అనే రాస్తారు. ఇంటి దాకా వచ్చినా అది మీ ఒక్కరికే వేసిన దారి కాదని గుర్తుంచుకోండి, ఎక్కువచోట్ల వాడే జీపాన్ పద్ధతిలో సుమారు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్, 1.25 గిగాబిట్ల అప్‌లోడ్‌ని 32 లేదా 64 ఇళ్ళకి పంచుతారు. అందరూ ఒకేసారి మొత్తం లాగరు కాబట్టి మామూలుగా తేడా తెలీదు, కానీ కంపెనీ తన వెనక లైన్లు సరిగ్గా పెంచుకోకపోతే సాయంత్రాలు కుంగిపోయేది ఇందుకే. టీవీ కేబుల్ మీద వచ్చే నెట్‌కి డౌన్‌లోడ్ బాగుంటుంది, అప్‌లోడ్ ఎంతో కచ్చితంగా అడగాలి. పాత ఫోన్ లైన్ మీద వచ్చే ఏడీఎస్ఎల్2 ప్లస్ అయితే ఎంత మంచి లైన్ అయినా డౌన్‌లోడ్ 24 దాటదు, ఎక్స్చేంజ్‌కి దూరమయ్యే కొద్దీ తగ్గిపోతుంది, నలుగురికి కష్టం. 4జీ 5జీ సిమ్ వేసే రౌటర్ తరచూ ఇళ్ళు మారేవాళ్ళకి సుఖం, టవర్ రద్దీని బట్టి ఉంటుంది. శాటిలైట్‌లో రెండు రకాలు, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండేవాటితో ఒక్కసారి వెళ్ళి రావడానికే అర సెకను దాకా పోతుంది కాబట్టి కాల్స్‌కి పనికిరాదనే చెప్తా, సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవి ఆలస్యం విషయంలో చాలా మేలు.

ఒక కంపెనీ బాగుంటుందా లేదా అనేది నెట్‌లో రేటింగులు చూసి తేల్చొద్దు, ఎందుకంటే అదే కంపెనీ ఒక వీధిలో బంగారంలా ఉండి నాలుగు వీధుల అవతల ఏడిపిస్తుంది. మీ బిల్డింగ్‌లో, పక్క బిల్డింగ్‌లో ఆ కనెక్షన్ ఉన్నవాళ్ళ తలుపు తట్టండి. స్పీడ్ ఎంతొస్తుంది అని అడిగితే బాగానే ఉందండీ అంటారు, దాంతో మనకేం తెలీదు. గత మూడు నెలల్లో ఎన్నిసార్లు పోయింది, పోతే ఎన్ని గంటలకి వచ్చింది, కంప్లైంట్ పెడితే మనిషి వచ్చాడా అని అడగండి. కుదిరితే రాత్రి ఎనిమిది నుంచి పది మధ్యలో ఒకసారి స్పీడ్ టెస్ట్ పెట్టి చూపించమని అడగండి, అప్‌లోడ్, పింగ్ కూడా రాసుకోండి. ఈ ఒక్క పని చేస్తే మిగతావి కాస్త అటూఇటూ అయినా పర్లేదు.

రేటు దగ్గరికొద్దాం. నెల రేటు చూసి పోల్చకండి, మీరు ఆ ఇంట్లో ఎన్నాళ్ళు ఉంటారో అన్ని నెలలకి మొత్తం ఖర్చు వేసి నెలలతో భాగించండి. ఇన్‌స్టలేషన్, రౌటర్ అద్దె, టాక్స్, ఆఫర్ అయిపోయాక వచ్చే రేటు అన్నీ కలిపి, తిరిగిచ్చే డిపాజిట్ అయితే దాన్ని పక్కన పెట్టి. మొదటి ఆరు నెలలు సగం రేటే అన్నారు అనుకోండి, వినడానికి సగం తగ్గినట్టు ఉంటుంది, ఏడాది మొత్తానికి చూస్తే తగ్గింది పావు వంతు, రెండేళ్ళ కాంట్రాక్ట్‌లో అయితే ఎనిమిదో వంతే. ఆ మాత్రం దానికి రెండేళ్ళు కట్టేసుకోవాలా అన్నది మీరే చూసుకోండి. కలిసి ఉండే ఇళ్ళలో ఎవరు ఎప్పుడు ఉద్యోగం మారి వెళ్ళిపోతారో తెలీదు కాబట్టి, రేటు కొంచెం ఎక్కువైనా ఏ నెలకానెల ఆపుకునే ప్లానే నా ఓటు.

అన్‌లిమిటెడ్ అన్న మాట దగ్గర కూడా ఆగండి. ఇన్ని జీబీలు దాటాక స్పీడ్ తగ్గిస్తాం అనే రూల్, అదే ఎఫ్‌యూపీ, ఉందేమో అడగాలి, ఎంతకి తగ్గిస్తారో కూడా అడగాలి. హెచ్‌డీ వీడియో గంటకి 3 జీబీ దాకా తింటుంది, 4కే అయితే 7. నలుగురూ ఎవరి ఫోన్‌లో వాళ్ళు రోజుకి రెండు గంటలు హెచ్‌డీ చూస్తే నెలకి 720 జీబీ, ఇందులో కాల్సూ అప్‌డేట్లూ గేములూ కలపలేదు. అంటే 1,000 జీబీ లిమిట్ ఒక్క మనిషికి సముద్రం, నలుగురి ఇంటికి నెలాఖరున తేలిపోయేది. దాటాక 1 ఎంబీపీఎస్‌కి దించేస్తే హెచ్‌డీ ఒక్కటి కూడా నడవదు.

ఇంట్లో ఎవరైనా బయట నుంచి తమ కంప్యూటర్‌కి కనెక్ట్ అవ్వాలన్నా, సొంతంగా గేమ్ సర్వర్ నడపాలన్నా పబ్లిక్ ఐపీ, అంటే బయట నుంచి నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ అడ్రస్ ఇస్తారా, కొత్త రకం అడ్రస్‌లైన ఐపీవీ6 ఉందా అని ముందే అడగండి. పాత ఐపీవీ4 అడ్రస్‌ల కేంద్ర నిల్వ 2011లోనే అయిపోయింది కాబట్టి చాలా కంపెనీలు ఒకే అడ్రస్‌ని ఎంతోమందికి పంచుతాయి, రౌటర్‌లో వాన్ అడ్రస్, అంటే కంపెనీ వైపు నుంచి రౌటర్‌కి వచ్చిన అడ్రస్, 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అదే. ఇలాంటి అవసరం ఎవరికీ లేకపోతే దీన్ని వదిలేయండి.

కంపెనీ ఫ్రీగా ఇచ్చే రౌటర్‌ని మాత్రం చూసి తీసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ ఒక్కటే ఉన్నదైతే అపార్ట్‌మెంట్లలో నరకమే, ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్ళు 1, 6, 11 అని మూడే, చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ అక్కడే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉండాలి, లాన్ పోర్టులు గిగాబిట్‌వి అయ్యుండాలి. 200 ప్లాన్ తీసుకున్నా 95 దగ్గరే ఆగిపోతోంది అని బాధపడేవాళ్ళ ఇళ్ళలో చాలావరకు పోర్ట్ 100దో, లేదా కేబుల్‌లో ఎనిమిది తీగలకి నాలుగే కలిపి ఉన్నాయో అయ్యుంటుంది.

చివరగా ఇంట్లో వాళ్ళ మధ్య మాటలు, ఇవి కనెక్షన్ రాకముందే అయిపోవాలి. బిల్లు ఎవరి పేరు మీద, డిపాజిట్ ఎవరు కట్టారు, పేరు ఉన్న మనిషి వెళ్ళిపోతే ఇంకొకరికి మార్చడానికి కంపెనీ ఒప్పుకుంటుందా. వాడకాన్ని బట్టి పంచుకుందాం అని మాత్రం అస్సలు మొదలుపెట్టకండి, ఎవరు ఎంత వాడారని లెక్క తీయడం మొదలైతే స్నేహాలు పాడవుతాయి, సమానంగా పంచేసుకోండి. ఒకరికే ఉద్యోగం కోసం పెద్ద ప్లాన్ కావాలంటే ఆ పై తేడా ఆ ఒక్కరు పెట్టుకోవడం న్యాయం. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, వచ్చేపోయేవాళ్ళకి గెస్ట్ వైఫై పెట్టండి, ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తే వైఫై పాస్‌వర్డ్ మార్చండి.

లైన్ వచ్చాక మొదటి వారం రోజూ పొద్దున, సాయంత్రం, రాత్రి లాన్ కేబుల్ మీద టెస్ట్ పెట్టి స్క్రీన్‌షాట్లు దాచండి. కొన్ని కంపెనీలు మొదటి కొన్ని రోజుల్లో వద్దంటే డబ్బు వెనక్కి ఇస్తాయి, ఎన్ని రోజులో ముందే కనుక్కుని ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి, రాత్రి స్పీడ్ చెప్పినదాంట్లో సగం కూడా రాకపోతే ఆ తేదీ దాటకముందే మెయిల్ పెట్టి, రౌటర్ తిరిగిచ్చేటప్పుడు రసీదు తీసుకోండి.